జీతం ఇవ్వరు, ఇంటికి పంపరు: సౌదీలో చిక్కుకున్న కొడుకు కోసం ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని ఒక ఊరు. కొద్దిపాటి కొబ్బరి తోట, జీడి తోట ఉన్నాయి. మా అబ్బాయికి ఇరవై ఎనిమిదేళ్లు. పదో తరగతి తప్పాక సోంపేటలో వెల్డింగు నేర్చుకుని, సిక్స్‌జీ టెస్టు (పైపుల వెల్డింగు నైపుణ్య పరీక్ష) పాసై, తెలిసిన ఏజెంటు ద్వారా సౌదీ అరేబియాలోని జుబైల్‌కు వెళ్లాడు. ఏజెంటుకు లక్షా పది వేలు ఇస్తే ముప్పై వేలకే రసీదు ఇచ్చాడు. రెండేళ్ల కాంట్రాక్టు ముగిసి మూడు నెలలైంది. నాలుగు నెలలుగా నెలకు 1,800 రియాళ్ల జీతం ఇవ్వడం లేదు. ఇకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు) గడువు రెండు నెలల క్రితమే తీరిపోయింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. ఇంటికి పంపమని అడిగితే హురూబ్ (పారిపోయాడన్న ఫిర్యాదు) పెడతామని క్యాంపు బాసు బెదిరిస్తున్నాడట. సెల్ఫీ వీడియో తీసి మంత్రులకు పెడితే రెండు రోజుల్లో పని అవుతుందని అక్కడి కుర్రాళ్లు చెబుతున్నారు. మా ఊరి నాయకుడి దగ్గరకు వెళ్తే, ‘మొన్నటి ఎన్నికల్లో మీరు అటువైపు చేశారు కదా’ అన్నాడు. పలాసలో ఒకాయన అరవై వేలిస్తే ఎంబసీలో మాట్లాడి పంపిస్తానంటున్నాడు. ఇది చాలదన్నట్టు, అబ్బాయి ఊళ్లో లేడు కాబట్టి ఓటు తీసేస్తామని కూడా అన్నారు. మాకు దారి చూపించగలరు. ఇకామా, కాంట్రాక్టు ఫొటోలు జతచేశాను. (పేరు రాయవద్దని కోరిన ఒక తండ్రి)

జవాబు: నమస్కారం. మీరు అడిగినవి నాలుగు సంగతులే అయినా, ఎవరిని పట్టుకుంటే పని అవుతుందన్న ఆందోళనే వాటన్నిటి వెనుక కనిపిస్తోంది. ఉత్తరాన్ని శ్రద్ధగా చదివితే నాకు అర్థమైన విషయం ఏమిటంటే, ఈ నాలుగు నెలల్లో మీరు చాలామందితో మాట్లాడారు, మీ అబ్బాయి కంపెనీవాళ్లను చాలాసార్లు అడిగాడు, కాని అతని పేరు మీద ఇటు భారత ప్రభుత్వం దగ్గర గాని, అటు సౌదీ కార్మిక శాఖ దగ్గర గాని ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదు. నాయకుడి సిఫార్సు ఉన్న ఫైలును కదిలించగలదు గాని, లేని ఫైలును పుట్టించలేదు. అందుచేత ముందు రెండు ఫిర్యాదులు, ఆ తరువాత నాయకులు, వీడియో సంగతి అన్నిటికన్నా చివర, పలాస పెద్దమనిషికి మాత్రం ఒక్క రూపాయి కూడా వద్దు. ఈ వరుస ఎందుకో వివరంగా చెబుతాను.

మీరు పంపిన ఇకామా ఫొటోను పెద్దది చేసి చూశాను. వృత్తి అని ఉన్న చోట సామాన్లు ఎత్తి దించే కూలీ అని రాసి ఉంది. కాంట్రాక్టులో మాత్రం వెల్డరు అనే ఉంది. సప్లై కంపెనీలు, అంటే మనుషులను తీసుకొచ్చి వేరే కంపెనీల పనులకు అప్పగించేవి, దొరికిన వృత్తి వీసా మీద అందరినీ రప్పించడం కొత్తేమీ కాదు. ఇకామాలో రాసిన వృత్తి కాక మరో పని చేయించడం సౌదీ కార్మిక చట్టంలోని 38వ అధికరణం ప్రకారం యజమాని తప్పు అవుతుంది. ఆ సంగతి మీ అబ్బాయికి తెలిసి ఉండాలి, ఎందుకంటే రేపు జీతం అడిగినప్పుడు, నీ ఇకామాలో వెల్డరు అని లేదు కదా, కూలీ లెక్కన ఇస్తామని కంపెనీ తరఫువాళ్లు అనే అవకాశం ఉంది. దానికి సమాధానం మీ దగ్గరున్న కాంట్రాక్టే. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి అతని పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరైన) పాస్‌పోర్టు అయి ఉంటుంది. సౌదీ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్సు తీసుకుని ఉండాలి. ఆ క్లియరెన్సు కాగితం, టిక్కెట్టు, మెడికల్ రిపోర్టు ఇంట్లో ఎక్కడున్నా వెతికి తీయండి. విదేశీ ఉద్యోగాల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన కాంట్రాక్టులో ఉన్న జీతం, అక్కడ నిజంగా ఇచ్చిన జీతం వేరువేరుగా ఉంటే ఆ తేడాయే మీకు బలమైన ఆధారం అవుతుంది.

ఇక చట్టం మీ అబ్బాయి వైపు ఎంతవరకు ఉందో చూద్దాం. ఇకామా తీయించడం, గడువు తీరక ముందే దాన్ని మళ్లీ కట్టించడం, ఆలస్యమైతే జరిమానా భరించడం, పని ముగిశాక తిరుగు ప్రయాణం టిక్కెట్టు కొనడం, ఇవన్నీ యజమాని బాధ్యతలని సౌదీ కార్మిక చట్టంలోని 40వ అధికరణం చెబుతోంది. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. మన 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం కూడా పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తే. 2021 మార్చి 14 నుంచి అమలులోకి వచ్చిన సంస్కరణల ప్రకారం, వరుసగా మూడు నెలలు జీతం అందకపోయినా, ఇకామా గడువు తీరిపోయినా, పాత యజమాని అనుమతితో పని లేకుండానే కార్మికుడు మరో యజమాని దగ్గరకు మారవచ్చు. కాంట్రాక్టు ముగిసినవాడు యజమాని సమ్మతి లేకుండా ఫైనల్ ఎగ్జిట్ (దేశం విడిచి పూర్తిగా వెళ్లిపోయే అనుమతి) కూడా తీసుకోవచ్చు. చదువుతుంటే సంతోషంగానే ఉంటుంది, కాని మెలిక ఇక్కడే ఉంది. సౌదీ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ అబ్షర్ ద్వారా ఎగ్జిట్ రావాలంటే ఇకామా చెల్లుబాటులో ఉండాలి. ఇకామా కట్టవలసింది కంపెనీ. కంపెనీ కట్టదు. హక్కు అతనిది, తాళంచెవి వాళ్లది అన్నట్టుగా ఉన్న ఈ పరిస్థితిని విప్పడానికే కార్మిక శాఖ, ఎంబసీ అవసరం అవుతున్నాయి. ఇకామా గడువు తీరినవారికి ఎంబసీ చొరవతో అక్కడి లేబర్ ఆఫీసు, జవాజాత్ (పాస్‌పోర్టుల శాఖ) ద్వారా ఫైనల్ ఎగ్జిట్ ఇప్పించే పద్ధతి ఒకటి నడుస్తోంది. మీ అబ్బాయికి సరిపోయే దారి బహుశా అదే.

హురూబ్ బెదిరింపు విషయంలో భయం ఎంత ఉండాలో అంతే ఉండాలి. పనికి రాకుండా పారిపోయాడని యజమాని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడమే హురూబ్. ఒకప్పుడు ఆ ముద్ర పడిన వెంటనే మనిషి అక్రమంగా ఉన్నవాడి కింద లెక్క. 2022 అక్టోబరు నుంచి పద్ధతి మారి, ముందు పనికి గైర్హాజరు అని మాత్రమే నమోదవుతుంది, ఆ తరువాత 60 రోజులలో వేరే కంపెనీకి మారడానికో, దేశం విడిచి వెళ్లడానికో అవకాశం ఉంటుంది. ఆ గడువు దాటితేనే హురూబ్. కాబట్టి అతను వారానికొకసారైనా తన ఇకామా నంబరుతో కార్మిక శాఖ వెబ్‌సైటులో తన స్థితి ఏమిటో చూసుకుంటూ ఉండాలి. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అతను క్యాంపు వదిలి బయటకు వెళ్లకూడదు. తెలిసినవాళ్ల గదిలో ఉంటూ రోజుకూలీకి ఎక్కడో షట్‌డౌన్ పనికి (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు) వెళ్తే నాలుగు రియాళ్లు వస్తాయని చెప్పేవాళ్లు ఉంటారు. అలా వెళ్లిన రోజున కంపెనీ అబద్ధపు ఫిర్యాదు నిజమైపోతుంది, బకాయి జీతం మీద అతని వాదన బలహీనపడుతుంది. పనికి పిలిస్తే వెళ్లాలి, పిలవకపోతే క్యాంపులోనే ఉండి, ఆ రోజు పని చెప్పలేదని సూపర్‌వైజరుకు ఒక మెసేజీ పెట్టి ఉంచాలి. రేపు ఎవరైనా పారిపోయాడని అంటే ఆ మెసేజీలే అతని సాక్ష్యం.

మొదటి ఫిర్యాదు మన విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో చేయాలి. అది మీ అబ్బాయే చేయాలన్న నియమం లేదు, తండ్రిగా మీరు కవిటిలో కూర్చునే చేయవచ్చు. ఇంగ్లీషు రాయడం రాకపోతే ఊళ్లో డిగ్రీ చదువుతున్న పిల్లల చేత రాయించండి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడా వల్ల కూడా దరఖాస్తులు వెనక్కి వస్తుంటాయి. పాస్‌పోర్టు నంబరు, 2తో మొదలయ్యే పది అంకెల ఇకామా నంబరు, కంపెనీ పేరు ఇంగ్లీషులోను, ఇకామా మీద ఉన్నట్టే అరబ్బీలోను, క్యాంపు ఎక్కడుందో తెలిపే లొకేషన్, అతని సౌదీ ఫోను నంబరు, ఏ నెల నుంచి జీతం రాలేదో ఆ నెలల పేర్లు, ఇవి ఉంటే చాలు. కష్టాల కథ మూడు పేజీలు రాయనక్కరలేదు. ఎంబసీలో ఆ కాగితం చదివే ఉద్యోగికి కావలసింది కంపెనీకి ఫోను చేయడానికి, లేబర్ ఆఫీసుకు రాయడానికి పనికివచ్చే వివరాలే. జుబైల్ తూర్పు ప్రాంతంలో ఉంది కాబట్టి అది రియాద్‌లోని భారత ఎంబసీ పరిధిలోకి వస్తుంది, జెడ్డా కాన్సులేట్ పరిధిలోకి కాదు. తప్పు కార్యాలయానికి పంపితే అది అటూ ఇటూ తిరగడానికే వారాలు పడుతుంది. అక్కడ శుక్ర, శనివారాలు సెలవులు, మన గడియారానికి వాళ్లది రెండున్నర గంటలు వెనుక. శుక్రవారం ఉదయం ఫోను చేసి ఎవరూ ఎత్తడం లేదని బాధపడే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు.

ఎంబసీ ఏం చేయగలదో, ఏం చేయలేదో కూడా ముందే తెలిసి ఉంటే మంచిది. కంపెనీని ఆదేశించే అధికారం దానికి లేదు, మన ఊరి తహసీల్దారు రెవెన్యూ ఉద్యోగికి చెప్పినట్టు సౌదీ యజమానికి చెప్పలేదు. మాట్లాడగలదు, రాయగలదు, లేబర్ ఆఫీసుకు మనిషిని వెంట పంపగలదు, పాస్‌పోర్టు దొరకని పక్షంలో ఒకవైపు ప్రయాణానికి పనికివచ్చే అత్యవసర పత్రం, మనవాళ్లు ఔట్‌పాస్ అని పిలిచేది, ఇవ్వగలదు. చేతిలో డబ్బు లేని కార్మికులకు టిక్కెట్టు కొనడానికి, కొన్ని సందర్భాలలో జరిమానాలు కట్టడానికి కూడా 2009లో ఏర్పాటైన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఎంబసీల దగ్గర ఉంది. ఆ నిధి ఎంబసీలో వీసా, పాస్‌పోర్టు సేవలకు వసూలు చేసే చిన్న చిన్న రుసుముల నుంచి వచ్చేది గనుక దాన్ని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయాలి, రాయకపోతే ఎవరూ తమంతట తాము ఇవ్వరు.

రెండో ఫిర్యాదు మాత్రం మీ అబ్బాయే అక్కడ చేయాలి. సౌదీలో జీతం తగాదా నేరుగా కోర్టుకు వెళ్లదు. ముందు కార్మిక శాఖలోని రాజీ విభాగానికి వెళ్తుంది, అక్కడ 21 పనిదినాలలో పరిష్కారం కాకపోతే కార్మిక కోర్టుకు చేరుతుంది. కార్మికుడు కోర్టు రుసుము కట్టనక్కరలేదు. ఆన్‌లైన్‌లో చేయడానికి అతని అబ్షర్ ఖాతా తెరుచుకోకపోతే, మదద్ ఫిర్యాదు నంబరు చెప్పి ఎంబసీలోని కార్మిక విభాగం సాయంతో దాఖలు చేయించాలి. ఉద్యోగ సంబంధం తెగిపోయిన 12 నెలల తరువాత వేసిన దావాలను సాధారణంగా తీసుకోరు, కాబట్టి ఇంటికొచ్చాక తీరికగా చూద్దామనుకుంటే కుదరదు. అడగవలసింది నాలుగు నెలల జీతం 7,200 రియాళ్లు మాత్రమే కాదు. మొదటి ఐదేళ్లలో ఏడాదికి సగం నెల జీతం చొప్పున సర్వీసు ముగింపు డబ్బు వస్తుంది, అంటే రెండేళ్లకు ఒక నెల జీతం పైమాట. వాడుకోని సెలవులకు ఏడాదికి 21 రోజుల లెక్కన డబ్బు రావాలి. టిక్కెట్టు సరేసరి. ఇవన్నీ మొదటి రోజునే రాయాలి.

బేరం వచ్చే సమయం ఒకటుంటుంది. ఫిర్యాదు నమోదయ్యాక కంపెనీ మనిషి వచ్చి, ఈ అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టు, రేపే ఎగ్జిట్ వేయిస్తాను అంటాడు. ఆ కాగితంలో నాకు రావలసిందంతా ముట్టింది అని ఉంటుంది. ఫోనుతో ఫొటో తీసి, అరబ్బీ చదవగలిగినవాళ్లకు చూపించే వరకు సంతకం పెట్టకూడదు. అలాగని పట్టుదలకు పోయి ప్రతి రియాలూ రాబట్టే వరకు అక్కడే ఉండాలని కూడా నేను చెప్పను. బాకీ మన డబ్బులో లక్షన్నర దాటుతుంది, చిన్న మొత్తం కాదు. అయితే ఇకామా లేకుండా, జీతం లేకుండా ఆరేడు నెలలు క్యాంపులో కూర్చోవడం వల్ల పోయే సంపాదన దానికన్నా ఎక్కువే. సిక్స్‌జీ చేతిలో ఉన్న వెల్డరు విశాఖలోనో, గుజరాత్‌లోనో, మరో దేశంలోనో మళ్లీ పనిలో పడగలడు. కంపెనీ సగానికి పైగా ఇచ్చి ఎగ్జిట్ ఇస్తానంటే, నా కొడుకైతే వచ్చెయ్యమంటాను. ఏమీ ఇవ్వనంటే మాత్రం, దావా నడపడానికి ఎంబసీ పేర అధికార పత్రం రాసిచ్చి బయలుదేరవచ్చు. 2016లో సౌదీలో వేలమంది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాలు లేక చిక్కుకుపోయినప్పుడు, అప్పటి విదేశాంగ సహాయ మంత్రి వీ.కే. సింగ్ స్వయంగా వెళ్లి మాట్లాడితే, ఎగ్జిట్లు, టిక్కెట్లు అయితే దొరికాయి గాని, జీతాలు వెంటనే చేతికి రాలేదు. బకాయిల వివరాలు నమోదు చేయించి మరీ విమానం ఎక్కవలసి వచ్చింది. రెండు ప్రభుత్వాలు తలదూర్చిన చోటే అలా ఉంటే, ఒక్కడి కేసులో కాగితం ఎంత అవసరమో మీరే ఊహించవచ్చు.

ఇప్పుడు నాయకుల సంగతి. మీ ఊరి నాయకుడు అన్న మాట విని మనసు కష్టపెట్టుకున్నారని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. మన పల్లెల్లో పింఛను నుంచి పొలం గట్టు తగాదా వరకు అన్నీ ఎటువైపు చేశావన్న ప్రశ్నతో మొదలవుతుండగా, ఇదీ అలాగే ఉంటుందని మీరు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాని ఈ పనికి ఊరి నాయకుడి గడప తొక్కవలసిన అవసరమే లేదు. మదద్ ఫిర్యాదులో పార్టీ గడి ఉండదు, రియాద్‌లో కూర్చున్న అధికారికి కవిటిలో ఎవరు ఎటు ఉన్నారో తెలియదు. ఫిర్యాదు నంబరు వచ్చాక, ఒకే పేజీలో అర్జీ రాసి దాన్ని నాలుగు చోట్ల ఇవ్వండి. సోమవారం సోమవారం కలెక్టర్ గారు అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీకి పంపండి. ప్రవాసుల వ్యవహారాల శాఖ చూస్తున్న మంత్రి కొండపల్లి శ్రీనివాస్ గారు పక్కనే ఉన్న విజయనగరం జిల్లా గజపతినగరం ఎమ్మెల్యే, ఆయన కార్యాలయానికి ఒక ప్రతి చేర్చండి. నాలుగోది మీ ఎంపీ కార్యాలయం.

ఎంపీ విషయంలో మన జిల్లాలో ఒక చిన్న అపోహ ఉంది. కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు కేంద్రంలో పౌర విమానయాన మంత్రి కావడంతో, విమానాలు ఆయన చేతిలోనే ఉన్నాయి కదా, టిక్కెట్టు వేయించి తెప్పించేస్తారు అనుకునేవాళ్లున్నారు. విమానయాన శాఖకు దీనితో సంబంధం లేదు. ఎంపీ హోదాలో విదేశాంగ మంత్రికి లేఖ రాయడమే ఇక్కడ పనికివచ్చేది, ఆ లేఖ ఢిల్లీ నుంచి రియాద్‌కు వెళ్తుంది. ఎంపీ కార్యాలయంలో అర్జీ ఇచ్చేటప్పుడు, పై భాగాన మదద్ నంబరు, పాస్‌పోర్టు నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. ‘మా అబ్బాయి సౌదీలో కష్టాల్లో ఉన్నాడు, ఆదుకోవలెను’ అని మాత్రమే రాసిన అర్జీ మీద ఎంత పెద్దవాళ్లు సంతకం చేసినా, అది ఎంబసీకి చేరాక వాళ్లు మళ్లీ ఆ నంబర్ల కోసం మీకే ఫోను చేయాలి. ఇక, ప్రజాప్రతినిధి మీకు ఓటు వేయనివారికి కూడా ప్రతినిధే. అడగడం మీ హక్కు, అడిగే చోట పాత ఎన్నికల గురించి క్షమాపణ చెప్పుకోవలసిన అవసరం లేదు.

సెల్ఫీ వీడియో గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అది పని చేసిన సందర్భాలు ఉన్నాయి. 2024 జూలైలో కువైట్ ఎడారిలో చిక్కుకున్న అన్నమయ్య జిల్లా మనిషి పెట్టిన వీడియో చూసి మంత్రి లోకేశ్ స్పందించడం, ఎంబసీ కదిలి అతన్ని తీసుకురావడం అందరూ చూశారు. ఆ మనిషికి ఇంకే దారీ లేదు. చుట్టూ మనుషులు లేని చోట, నీళ్లకే కష్టమైన స్థితిలో ఉన్నాడు. మీ అబ్బాయి పరిస్థితి వేరు. అతనికి ఫోను ఉంది, క్యాంపు ఉంది, తిండి దొరుకుతోంది, ఫిర్యాదు చేసే మార్గం తెరిచే ఉంది. అటువంటప్పుడు కంపెనీ పేరు, సూపర్‌వైజరు ముఖం, ప్లాంటు లోపలి దృశ్యం కనిపించేలా వీడియో పెడితే చిక్కు అతనికే వస్తుంది. సౌదీ సైబర్ నేరాల చట్టం 2007 నుంచి ఉంది. ఫోను కెమెరాతో ఒకరి ఏకాంతానికి భంగం కలిగించినా, ఇంటర్నెట్ ద్వారా పరువు తీసినా ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాళ్ల వరకు జరిమానా పడవచ్చు. ప్రజా భద్రతకు, మత విలువలకు భంగం అన్నారంటే ఐదేళ్ల వరకు, 30 లక్షల రియాళ్ల వరకు వెళ్తుంది. జీతం ఎగ్గొట్టిన కంపెనీ మీద నిజమే చెప్పాను అన్న వాదన అక్కడ ఎంత నిలుస్తుందో పరీక్షించి చూడవలసిన అవసరం మనకు లేదు. మాట్లాడవలసి వస్తే ఇక్కడ మీరు మాట్లాడండి, అక్కడ అతను కాదు. తండ్రిగా విలేకరులకు అర్జీ చూపించి, మా అబ్బాయికి నాలుగు నెలలుగా జీతం రాలేదని చెప్పడంలో ప్రమాదం లేదు. అదీ ఫిర్యాదు చేసి నెలన్నర గడిచినా కదలిక లేనప్పుడు మాత్రమే.

దీనికి తోడు మరొక మాట. క్యాంపుల్లో మనవాళ్లు ఇక్కడి పార్టీల జెండాలతో పుట్టినరోజు కేకులు కోయడం, గ్రూపుల్లో నాయకులను తిట్టుకోవడం మామూలైపోయింది. గల్ఫ్ దేశాలలో ప్రవాసులు గుమికూడి నినాదాలు చేయడం ఎంత ప్రమాదమో, 2022 జూన్‌లో కువైట్‌లోని ఫహాహీల్‌లో నిరసన చేసిన విదేశీయులను దేశం నుంచి పంపేయాలని అక్కడి ప్రభుత్వం ఇచ్చిన ఆదేశమే చెబుతుంది. జీతాల కోసమైనా సరే, అందరూ కలిసి పని ఆపేద్దాం, గేటు దగ్గర కూర్చుందాం అని ఎవరైనా అంటే మీ అబ్బాయి వెళ్లకూడదు. సౌదీలో సమ్మెకు అనుమతి లేదు. పదిమందికీ జీతం రాకపోతే పదిమందీ ఒకే రోజున పది ఫిర్యాదులు పెట్టడం మాత్రం చాలా మంచిది. ఒక కంపెనీ మీద ఒక ఫిర్యాదుకూ, పది ఫిర్యాదులకూ లేబర్ ఆఫీసులో తేడా ఉంటుంది.

పలాసలో అరవై వేలు అడిగినాయన గురించి ఎక్కువ రాయను. ఎంబసీలో ఫిర్యాదు చేయడానికి, సాయం పొందడానికి లంచం గాని దళారి గాని అక్కరలేదు. మీరు ఫిర్యాదు చేశాక ఎలాగూ జరగబోయే పనిని తానే చేయించానని చెప్పుకోవడమే ఇటువంటివాళ్ల వ్యాపారం. మీ డబ్బు రాబట్టవలసిన చోటు వేరే ఉంది. రిజిస్టరైన ఏజెంటు ఒక్కొక్కరి దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. అందుకే మీకు ఆ మేరకే రసీదు ఇచ్చాడు. రసీదు మీద లైసెన్సు నంబరు ఉందేమో చూసి, ఆ పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో సరిచూడండి. ఉంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు వెళ్లే కార్మికుల రక్షణ చూసే కేంద్ర అధికారి) కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. లైసెన్సు ప్రమాదంలో పడుతుందంటే కంపెనీకి ఫోను చేసి ఎగ్జిట్ ఇప్పించే తొందర ఏజెంటుకే పుడుతుంది, కొన్నిసార్లు ఎంబసీ కన్నా ఇదే త్వరగా పని చేస్తుంది. అతను లైసెన్సు లేని సబ్ ఏజెంటైతే, అసలు సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటే లేదు, మీ పోలీస్ స్టేషన్‌లో మోసం కింద ఫిర్యాదు ఇవ్వవచ్చు. మిగిలిన ఎనభై వేలు ఫోన్ పే ద్వారా గాని, బ్యాంకు ద్వారా గాని ఇచ్చి ఉంటే ఆ స్టేట్‌మెంటు తీయించండి. చేతికిచ్చి ఉంటే ఇచ్చేటప్పుడు పక్కనున్నవాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి. క్లియరెన్సుతో వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. అందులో 10 లక్షల ప్రమాద బీమాతో పాటు, విదేశీ ఉద్యోగానికి సంబంధించిన కోర్టు ఖర్చుకు 45,000 రూపాయల వరకు ఇచ్చే వీలు ఉంది. రెండేళ్ల పాలసీ అయితే గడువు తీరిపోయి ఉంటుంది, మూడేళ్లదైతే ఇంకా నడుస్తూ ఉంటుంది. క్లియరెన్సు కాగితాల మధ్య ఆ పాలసీ కోసం కూడా వెతకండి.

చివరగా ఓటు. ఊళ్లో లేడన్న కారణంతో, మీకు చెప్పకుండా, విచారణ లేకుండా పేరు కొట్టేయడానికి వీల్లేదు. అయితే ఉద్యోగం కోసం విదేశంలో ఉంటున్నవారికి చట్టం వేరే పద్ధతి పెట్టింది. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, వేరే దేశపు పౌరసత్వం తీసుకోని ప్రవాసి ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ప్రకారం సొంతూరి జాబితాలోనే ఓటరుగా నమోదు కావచ్చు. ఆన్‌లైన్‌లో చేయవచ్చు, పాస్‌పోర్టు, వీసా పేజీల ప్రతులు జతచేస్తే చాలు. ఓటు వేయాలంటే మాత్రం స్వయంగా ఇచ్ఛాపురం నియోజకవర్గంలోని మీ బూత్‌కు వచ్చి అసలు పాస్‌పోర్టు చూపించాలి, పోస్టు ద్వారా వేసే సౌకర్యం వారికి లేదు. మీ అబ్బాయి కొద్ది నెలల్లో తిరిగి వచ్చేవాడే గనుక, బీఎల్‌వో (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) మళ్లీ వచ్చినప్పుడు అతను ఉద్యోగం మీద విదేశంలో ఉన్నాడని, తిరిగి వస్తున్నాడని రాతపూర్వకంగా ఇచ్చి, దాని ప్రతి మీద సంతకం చేయించుకోండి. ఒకవేళ పేరు పోయినా, అతను వచ్చాక ఫారం 6 పెట్టి మళ్లీ చేర్పించుకోవచ్చు, దాని కోసం ఇప్పుడు ఎవరితోనూ తగాదా పెట్టుకోవద్దు.

మదద్ ఫిర్యాదు నంబరు వచ్చాక దానితో పాటు ఏజెంటు ఇచ్చిన రసీదు ఫొటో కూడా మాకు పంపండి. అందులో ఉన్నది లైసెన్సు నంబరో కాదో చూసి, ప్రొటెక్టర్ కార్యాలయానికి రాయవలసిన ఫిర్యాదు నమూనాను మీ చిరునామాకు పంపిస్తాం.